బరంపురం గాలిలో డ్రాక్యులా: బొమ్మల హారర్ క్లాసిక్స్ ఎంచుకోవడం, తెప్పించుకోవడం, కాపాడుకోవడం ఎలా

ఆన్‌లైన్‌లో ఒక్కసారి వెతికితే చాలు, నల్ల అట్ట, బంగారు అక్షరాలు, అంచులకు గిల్టు, మధ్యలో ఎర్ర రిబ్బన్ ఉన్న డ్రాక్యులాలు, ఫ్రాంకెన్‌స్టైన్‌లు వరసకట్టి వస్తాయి. ధర కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది. అన్నిటి మీదా 'కలెక్టర్స్ ఎడిషన్' అనే రాసి ఉంటుంది. ఆ మాట ఎవరైనా వేసుకోవచ్చు, అడిగేవాడు లేడు. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్లకు ఇందులో మూడు చిక్కులున్నాయి. మంచిది ఎంచుకోవాలి, అది దారి తప్పకుండా మన ఊరు చేరాలి, చేరాక మన తేమకు బూజు పట్టకుండా నిలవాలి. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు డబ్బు సంగతి. ఈ కథలు రాసినవాళ్లు పోయి చాలా కాలమైంది. భయం కథల ఎడ్గార్ అలన్ పో 1849లో, ఫ్రాంకెన్‌స్టైన్ రాసిన మేరీ షెల్లీ 1851లో, జెకిల్, హైడ్‌ల కథ రాసిన స్టీవెన్‌సన్ 1894లో, డ్రాక్యులా రాసిన బ్రామ్ స్టోకర్ 1912లో పోయారు. మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ల వరకే. అంటే ఈ కథలను ఎవరైనా అచ్చేసుకోవచ్చు, మీరు ఫోన్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు. కలెక్టర్స్ ఎడిషన్‌కు పెట్టే డబ్బు బొమ్మలకు, కాగితానికి, కుట్టుకు పెడుతున్నట్టు లెక్క. ఆ మూడింటిలో బొమ్మలే ముందు. గిల్టు అంచు చూసి మోజుపడి కొన్న పుస్తకాన్ని రెండోసారి తెరిచినవాళ్లు తక్కువ.

బొమ్మలు ఎవరివో తేల్చుకోండి

అమ్మకం పేజీలో 'అందమైన చిత్రాలతో' అని ఊరించి, చిత్రకారుడి పేరు చెప్పకపోతే అక్కడే ఆగిపోండి. ఒకటి, బొమ్మలు ఏ పాత పుస్తకం నుంచో తెలియకుండా ఎత్తి ఉంటారు. రెండు, ఈ మధ్య కంప్యూటర్‌తో పుట్టించినవి కూడా పెడుతున్నారు. అలాంటి వాటిలో ఒకే పాత్రకు పేజీకో ముఖం ఉంటుంది. రెండు మూడు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

పేరు తెలిస్తే మిగతా పని సులువు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను పో కథలు, హ్యారీ క్లార్క్ బొమ్మలు అంటాను. క్లార్క్ ఐర్లండ్ దేశస్థుడు, వృత్తి చర్చి కిటికీలకు రంగుటద్దాలు చేయడం. 1919లో లండన్‌లో హ్యారప్ సంస్థ వేసిన పో కథల సంపుటికి 24 నలుపు–తెలుపు బొమ్మలు వేశారు. 1923 ఎడిషన్‌కు 8 రంగు బొమ్మలు కలిశాయి. ఆయన 1931లో పోయారు కాబట్టి ఈ బొమ్మలు కూడా ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు. అందుకే చవక పుస్తకాల నుంచి ఖరీదైన వాటి దాకా అన్నిట్లోనూ కనిపిస్తాయి. అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: 24 బొమ్మలూ ఉన్నాయా? రంగువి 8 కూడా ఉన్నాయా? జవాబు తడబడితే సగమే వేశారని అర్థం.

ఆ తర్వాత అచ్చు ఎలా ఉందో చూడాలి. క్లార్క్ బొమ్మలో నలుపు చాలా ఎక్కువ. ఆ నలుపులో జుట్టు, బట్ట మీది పువ్వులు, సాగిన సన్నటి వేళ్లు అన్నీ వెంట్రుకంత తెల్ల గీతలతో తేలుతుంటాయి. 'గొయ్యి, లోలకం' (ది పిట్ అండ్ ది పెండ్యులమ్) అనే పో కథకు వేసిన బొమ్మలో కట్టిపడేసిన మనిషి మీదికి ఎలుకలు కుప్పలుగా ఎగబాకుతుంటాయి. మంచి అచ్చులో ఎలుకకీ ఎలుకకీ మధ్య గీత కనిపిస్తుంది. పాడు అచ్చులో మొత్తం ఒక సిరా మరకలా ఉంటుంది. చేతిలో చిన్న భూతద్దం ఉంటే ఇంకా మంచిది. గీత తెగకుండా నిండుగా ఉంటే సరైన స్కాన్ నుంచి వేసినట్టు. గీత స్థానంలో చుక్కలు కనిపిస్తే తక్కువ రకం ఫొటో తీసి వేసినట్టు. ఆన్‌లైన్‌లో కొంటే లోపలి పేజీ దగ్గరగా తీసిన ఫొటో ఒకటి పంపమనండి. పంపనివాళ్ల దగ్గర కొనకండి.

సన్నగీతను ఎలా చూడాలో మనవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. గంజాం జిల్లాకే చెందిన రఘునాథ్ ప్రుస్తి తాటాకు మీద గంటంతో గీసి మసి రుద్దిన బొమ్మలు చూసినవాళ్లకు, వేలెడంత వెడల్పులో ఎంత పని పడుతుందో తెలుసు. భువనేశ్వర్ వెళ్లినప్పుడు ఒడిశా స్టేట్ మ్యూజియంలో తాటాకు ప్రతుల గది ఒకసారి చూసి రండి. తర్వాత ఏ పుస్తకంలో గీత పలచబడినా మీ కన్ను పట్టేస్తుంది.

ఫ్రాంకెన్‌స్టైన్‌కు దారులు ఎక్కువ. లిండ్ వార్డ్ 1934లో చెక్క మీద చెక్కి వేసిన బొమ్మలు ఒకటి. బెర్నీ రైట్‌సన్ 1983లో తెచ్చిన కలం బొమ్మలు ఇంకొకటి. వాటి మీద ఆయన ఏడేళ్ల దాకా కూర్చున్నారు. ప్రయోగశాల బొమ్మలో గాజు బుడ్లు, సీసాలు ఒక్కొక్కటి మీద వెలుగు ఎలా పడిందో చూస్తూ కూర్చోవచ్చు. నా ఓటు రైట్‌సన్‌కే. అయితే వార్డ్ 1985లో, రైట్‌సన్ 2017లో పోయారు, కాబట్టి వీటికి ఇంకా హక్కులున్నాయి. ఎక్కడైనా మరీ చవకగా కనిపించాయంటే అనుమానించాలి. పో కథలకు ఆర్థర్ రాకమ్ కూడా 1935లో బొమ్మలు వేశారు. కానీ ఆయన చెయ్యి దేవకన్యల కథలకు, చెట్ల వేళ్లకు బాగా తిరిగిన చెయ్యి, భయానికి క్లార్కే సరి. పో రాసిన కాకి పద్యానికి (ది రేవెన్) గుస్టావ్ డోరే వేసినవి ఆయన 1883లో పోయేముందు చేసిన చివరి పెద్ద పని. చెక్కడపు బొమ్మలంటే ఇష్టముంటే అది కూడా చూడండి.

ఎక్కువ బొమ్మలుంటేనే గొప్ప అనుకోవద్దు. ఎం.ఆర్. జేమ్స్ దయ్యం కథల మొదటి సంపుటి 1904లో వచ్చినప్పుడు అందులో ఉన్నవి నాలుగే బొమ్మలు. వేస్తున్న స్నేహితుడు జేమ్స్ మెక్‌బ్రైడ్ మధ్యలోనే చనిపోవడంతో అక్కడితో ఆగిపోయాయి. ఈల ఊదితే దయ్యం వచ్చే కథలో దుప్పటి ఆకారం లేచి నిలబడే బొమ్మ ఆ నాలుగింట్లో ఒకటి. ఆ నాలుగూ ఉన్న పాత ముద్రణ గానీ, వాటిని మళ్లీ వేసిన కొత్తది గానీ దొరికితే వదలకండి.

మన కథలు కావాలంటే బేతాళుడున్నాడు. రిచర్డ్ బర్టన్ బేతాళ కథల్లో 11 ఎంచి 1870లో ఇంగ్లీషులో వేసిన పుస్తకానికి ఎర్నెస్ట్ గ్రిసెట్ బొమ్మలున్నాయి. చెట్టుకు తలకిందులుగా వేలాడే ఆ బేతాళుడిని చూసి, మన చందమామ శంకర్ గారి బేతాళుడిని పక్కన పెట్టుకుంటే మంచి కాలక్షేపం. పాత చందమామలు ఎవరి ఇంట్లోనైనా బైండు చేసి ఉంటే కొనేముందు ముఖచిత్రాలున్నాయో లేదో చూడండి. బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు చాలామంది ముఖచిత్రం చించేసేవాళ్లు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం పోయాక ఆ సంచికకు సగం విలువ పోయినట్టే.

బొమ్మ వేసినవారు కథ చదివారో లేదో పరీక్షించండి

ఇది నాకు ఇష్టమైన పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. ముఖ్యంగా ఇప్పటి చిత్రకారులు వేసిన కొత్త ఎడిషన్లకు పనికొస్తుంది.

ఫ్రాంకెన్‌స్టైన్ తెరవండి. విద్యార్థి ఫ్రాంకెన్‌స్టైన్ తయారుచేసిన ఆకారం మెడకు రెండు బోల్టులు, పైన చదునైన తల ఉన్నాయా? అవి 1931 నాటి హాలీవుడ్ సినిమా మేకప్ నుంచి వచ్చినవి, పుస్తకంలో లేవు. మేరీ షెల్లీ రాసింది ఇది: కింది కండలూ నరాలూ దాదాపు కనపడేంత పల్చని పసుపు చర్మం, మెరిసే నల్లటి పొడవాటి జుట్టు, ముత్యాల్లాంటి తెల్లటి పళ్లు, నీళ్లు కారే కళ్లు, నల్లటి పెదవులు. అందంగా ఉండాలని ఏరి కూర్చిన భాగాలన్నీ ఒకచోట చేరేసరికి భయంకరంగా తయారయ్యాయన్నది అసలు కిటుకు. 1831 ఎడిషన్ మొదట్లో థియోడర్ వాన్ హోల్స్ట్ వేసిన బొమ్మ ఈ పుస్తకానికి వచ్చిన తొలి బొమ్మ. అందులో ఆ ఆకారం కండలు తిరిగిన పెద్ద మనిషి. నేల మీద బిత్తరపోయి కూర్చుని ఉంటుంది, తయారుచేసిన విద్యార్థి తలుపు తీసుకుని పారిపోతుంటాడు. బొమ్మలో ఎవరి మీద జాలి కలుగుతుందో చూడండి. ఆ జాలి కలగని ఎడిషన్ మీద నేను డబ్బు పెట్టను.

డ్రాక్యులా అంటే ఎర్ర లైనింగు కోటు, నూనె రాసి వెనక్కి దువ్విన నల్ల జుట్టు అనుకుంటాం. స్టోకర్ మొదట చూపించేది పొడవాటి తెల్లమీసాల ముసలివాడిని. తల నుంచి కాలి దాకా నల్లబట్టలు, అరచేతుల మధ్యలో వెంట్రుకలు. రక్తం తాగేకొద్దీ వయసు తగ్గుతూ వస్తుంది. మొదటి అధ్యాయాల్లో తెల్లమీసాలు, లండన్‌లో నల్లబడిన మీసాలు వేసిన చిత్రకారుడు పుస్తకం చదివినట్టే.

జెకిల్, హైడ్‌ల కథలో ఇంకా తేలిక. మందు తాగి డాక్టర్ జెకిల్ మారిపోయే రూపమే హైడ్. చాలామంది హైడ్‌ను తలుపు పట్టనంత రాక్షసుడిగా వేస్తారు. స్టీవెన్‌సన్ హైడ్ జెకిల్ కంటే పొట్టి, వయసులో చిన్న. జెకిల్ బట్టలు అతనికి వదులై వేలాడుతుంటాయి. చూసిన ప్రతివాడికీ ఏదో అసహ్యం, ఏమిటో చెప్పలేరు. చెప్పలేనిదాన్ని గీయడం కష్టం, అందుకే ఈ పుస్తకానికి మంచి బొమ్మల ఎడిషన్లు తక్కువ.

కథ పూర్తిగా ఉందో లేదో లెక్కపెట్టండి

పిల్లల కోసం కుదించిన పాఠాన్ని పెద్ద అట్టలో పెట్టి అమ్మడం మామూలే. డ్రాక్యులాలో 27 అధ్యాయాలుండాలి, మొదటిది జొనాథన్ హార్కర్ డైరీతో, మే 3 తేదీతో మొదలవ్వాలి. జెకిల్ కథలో పది. ఫ్రాంకెన్‌స్టైన్‌కు రెండు పాఠాలున్నాయి. 1818లో పేరు లేకుండా 500 కాపీలు వేసింది మూడు భాగాలుగా ఉంటుంది. 1831లో ఆమె తిరగరాసింది నాలుగు ఉత్తరాలు, 24 అధ్యాయాలుగా ఉంటుంది. కథ ఎలా పుట్టిందో ఆమె చెప్పుకున్న ముందుమాట 1831 దానిలోనే ఉంది. ఏదైనా సరే, ఏ పాఠమో పుస్తకంలో చెప్పి ఉండాలి. చెప్పనివాళ్లు బొమ్మల విషయంలో కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండరు.

కాగితం, కట్టు

మన వాతావరణానికి అసలు పరీక్ష ఇక్కడే. పుస్తకం వెన్ను పైనుంచి చూడండి. కాగితాలు చిన్న చిన్న ఫారాలుగా మడిచి, గుండ్రటి మడతల గుత్తులుగా కనిపించాలి. ఒక ఫారం మధ్య పేజీ తెరిస్తే దారం కనపడాలి. అది కుట్టు బైండింగ్. వెన్ను నున్నగా కత్తిరించి జిగురు పూసినట్టుంటే, పైన ఎంత గట్టి అట్ట ఉన్నా రెండు వేసవులకు పేజీలు ఊడతాయి.

'లెదర్' అన్న మాట కూడా జాగ్రత్తగా చదవండి. బాండెడ్ లెదర్ అంటే తోలు తుక్కును ప్లాస్టిక్‌తో అతికించిన పొర. మన ఉక్కకు అది పాత సోఫా కవరులాగే పొలుసులు రాలుతుంది. మంచి గుడ్డ అట్ట దానికంటే నిలుస్తుంది, అందంగా కూడా ఉంటుంది. గిల్టు అంచు ఒకవైపు ఉందా, మూడువైపులా ఉందా అన్నది ముచ్చటే తప్ప అవసరం కాదు.

ఆర్ట్ పేపర్ మీద రంగు బొమ్మలు మెరుస్తాయి, నిజమే. కానీ నీళ్లు తగిలితే ఆ నునుపు పూత జిగురై పేజీలు అతుక్కుపోతాయి. నలుపు–తెలుపు గీతల బొమ్మలకు మెరుపు లేని మందపాటి కాగితమే బాగుంటుంది. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లు వీలైనంత వరకు అదే ఎంచుకోండి.

'లిమిటెడ్' అని ఉంటే అంకె అడగండి. నిజంగా పరిమిత ముద్రణ అయితే ఎన్ని కాపీలు, మీది ఎన్నోది అన్నది ఒక పేజీలో అచ్చయి ఉంటుంది. అమెరికాలో జార్జ్ మేసీ 1929లో మొదలుపెట్టిన లిమిటెడ్ ఎడిషన్స్ క్లబ్ మొదట్లో 1500 కాపీల లెక్కన వేసి, ఎక్కువగా చిత్రకారుడి సంతకంతో ఇచ్చేది. లండన్ ఫోలియో సొసైటీ 1947 నుంచి ఉంది. దాని మామూలు పుస్తకాలు స్లిప్‌కేసులో (ఒకవైపు తెరిచి ఉండే గట్టి అట్ట పెట్టెలో) వస్తాయి, అంకె వేసినవి వేరే. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఈ రెండిటి తేడా తెలియకపోతే మామూలుదానికి పరిమితపు ధర కట్టేస్తారు.

ఎక్కడ కొనాలి, ఎలా తెప్పించాలి

మన ఊళ్లలో పుస్తకాల షాపంటే పాఠ్యపుస్తకాలు, గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలే. కానీ బరంపురం, ఛత్రపురం హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్నాయి, ఇది చిన్న సౌకర్యం కాదు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కోల్‌కతా. కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాల వరసలో ఓపిగ్గా తిరిగితే బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి. చలికాలం చివర జరిగే కోల్‌కతా పుస్తక ప్రదర్శన సమయంలో వెళ్తే రెండూ కలిసివస్తాయి. దక్షిణం వైపు వెళ్లేవాళ్లకు విశాఖ ఉంది. హైదరాబాద్‌లో బంధువులుంటే ఆదివారం పూట కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు చూడమనండి. చెప్పేటప్పుడు "దయ్యాల పుస్తకం ఏదైనా" అనకండి మరి. చిత్రకారుడి పేరు, ప్రచురణ సంవత్సరం వాట్సాప్‌లో రాసి పంపండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే చిరునామా దగ్గర జాగ్రత్త. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం ఉంది. ఇంగ్లీషులో రెండిటి స్పెల్లింగూ ఇంచుమించు ఒకటే. మన పిన్ కోడ్ 760తో, వాళ్లది 742తో మొదలవుతుంది. బ్రహ్మపూర్ అనే రాయండి, పక్కనే గంజాం జిల్లా, ఒడిశా అని తప్పకుండా చేర్చండి. విదేశీ విక్రేతలకైతే ఇది మరీ ముఖ్యం. రాయగడ, పర్లాకిమిడి వాళ్లకు ఈ తంటా లేదు.

అమ్మేవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి: మూలలకు అట్ట ముక్కలు పెట్టండి, పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో సీలు చేయండి, పెట్టెలో కదలకుండా కాగితం కుక్కండి. వానాకాలంలో ఈ రెండో మాట మరిచిపోవద్దు. విదేశాల నుంచి తెప్పిస్తే ధరకు పైన పోస్టేజీ, కస్టమ్స్ ఉంటాయి. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. అన్నీ కూడితే చాలాసార్లు మన దేశంలో దొరికే కాపీయే చవక పడుతుంది.

పార్సిల్ చేతికొచ్చాక

పెట్టె విప్పడం మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. గొడవ వస్తే అదే సాక్ష్యం. తర్వాత బొమ్మల పట్టికతో సరిచూసుకుంటూ ఒక్కో బొమ్మా లెక్కపెట్టండి. పాత పుస్తకమైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే బొమ్మలున్న పేజీలను కోసి ఫ్రేములు కట్టి అమ్మేవాళ్లున్నారు. వెన్ను లోపల కోసిన అంచు ఉందేమో వేలితో తడిమి చూడండి. వాసన చూడండి. మక్కిన వాసన వస్తే దాన్ని మిగతా పుస్తకాలతో కలపకుండా కొన్నాళ్లు విడిగా ఉంచండి.

కొత్త పుస్తకాన్ని ఒక్కసారిగా మధ్యకు విప్పితే వెన్ను విరుగుతుంది. వెన్నును బల్లమీద ఆనించి నిలబెట్టండి. ముందు అట్ట, తర్వాత వెనక అట్ట కిందికి వాల్చండి. ఇక ముందు నుంచి కొన్ని పేజీలు, వెనక నుంచి కొన్ని పేజీలు మెల్లగా నొక్కుతూ మధ్యకు రండి. ఐదు నిమిషాల పని.

పేరు రాసుకునే అలవాటుంటే పెన్సిల్‌తో రాయండి, అదీ చివరి ఖాళీ పేజీలో. బాల్ పాయింట్ పెన్నుతో మొదటి పేజీలో "ప్రేమతో, చిన్న మామయ్య" అని రాసిచ్చే మామయ్యలకు ఈ మాట ముందే చెప్పి ఉంచడం మంచిది.

ఇంట్లో ఎక్కడ, ఎలా పెట్టాలి

గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే పుస్తకానికి బూజు మొదలవుతుంది. గోపాల్‌పూర్ సముద్రం దగ్గర్లోనే ఉన్న మనకు జూన్ నుంచి అక్టోబర్ దాకా అది దాటని రోజు అరుదు. చిన్న డిజిటల్ తేమ మీటరు కొని అల్మారాలో పెట్టండి, పెద్ద ఖర్చేమీ కాదు. దాన్ని చూశాకే మీ ఇంట్లో ఏ గది నయమో తెలుస్తుంది. వానకు తడిసే బయటి గోడకు ఆనించిన అల్మారా అన్నిటికంటే చెడ్డది. లోపలి గోడ దగ్గర, గోడకు రెండు మూడు వేళ్ల ఎడం ఇచ్చి పెట్టండి. కింది అరలో పుస్తకాలు వద్దు. పెద్ద సైజు బొమ్మల పుస్తకాలు నిలబెడితే వెన్ను జారుతుంది, పడుకోబెట్టండి, ఒకదాని మీద ఒకటి మూడుకు మించకుండా.

స్లిప్‌కేసు దుమ్ము ఆపుతుంది కానీ తేమను లోపల దాచుకుంటుంది. నెలకోసారి పుస్తకం బయటికి తీసి, ఎండ తగలని చోట ఫ్యాను కింద కాసేపు పేజీలు ఆడించండి. ఎండలో ఆరబెట్టడం అప్పడాలకు సరే, రంగు బొమ్మలకు కాదు. బాగా ఖరీదైనవి ఒకటి రెండు ఉంటే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టవచ్చు. నారింజ రంగు జెల్ కొనండి. తేమ పీల్చుకున్నాక రంగు మారుతుంది. అప్పుడు 110–120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. వంటకు వాడే గిన్నెలు మాత్రం దీనికి వాడొద్దు. పొడిగా ఉన్న రోజే పుస్తకాన్ని డబ్బాలో పెట్టాలి, లేకపోతే తేమను కూడా దానితో మూసిపెట్టినట్టే.

పురుగులకు మన పెద్దవాళ్లు వాడే ఎండిన వేపాకు, వస కొమ్ము గుడ్డలో మూటకట్టి అర మూలల్లో పెట్టండి. ఆకులు పేజీల మధ్య పెట్టకండి, మరక పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు నాకు నచ్చవు. ఆ వాసన పుస్తకాన్ని ఏళ్ల తరబడి వదలదు, మూసిన గదిలో పీల్చేవాళ్లకూ మంచిది కాదు. చెదలు వస్తే ఇంటికే మందు కొట్టించాలి, పుస్తకానికి కాదు. పై జాకెట్‌కు స్కూలు పుస్తకాల మెత్తటి ప్లాస్టిక్ కవరు వేయకండి, వేడికి అది సిరాను అంటుకుంటుంది. గట్టి పాలిస్టర్ షీటు దొరికితే అదే వాడండి. చిరిగితే సెల్లోటేపు అసలే వద్దు.

మన బైండరుతో చేయించుకోవలసిన పని

అందరూ వేలు పోసి కొనాలనేం లేదు. మంచి బొమ్మలున్న పేపర్‌బ్యాక్ కొని, ఊళ్లో బైండింగ్ చేసేవాళ్లతో దానికి ఒక పెట్టె చేయించుకోండి. నా దృష్టిలో ఇదే సిసలైన కలెక్టర్స్ ఎడిషన్, ఇంకెవరి దగ్గరా ఉండదు.

పుస్తకం కొలతలు మీరే తీసుకోండి. పొడవు, వెడల్పు, మందం మూడింటికీ రెండేసి మిల్లీమీటర్లు కలిపి బైండరుకు చెప్పండి. వదులైతే పుస్తకం జారి పడుతుంది, బిగుతైతే లాగినప్పుడల్లా అట్ట గీసుకుపోతుంది. గట్టి అట్ట మీద మామూలుగా కాలికో గుడ్డ వేస్తారు. మీ ఇంట్లో చిరిగిపోయిన బరంపురం పట్టుచీర ఉంటే దాని అంచు తీసి ఇవ్వండి. గుడి గోపురాల్లా పైకి లేచే ఆ కుంభం అంచు నల్ల కాలికో మీద వేస్తే, లోపల డ్రాక్యులా కోట ఉన్న పెట్టెకు అంతకంటే ఏం కావాలి! అయితే పట్టుకు నేరుగా జిగురు రాస్తే మరక పైకి తేలుతుంది. ముందు పట్టు వెనక పల్చటి కాగితాన్ని గంజితో అతికించి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే అట్టకు అంటించమనండి. బైండర్లు మైదా పేస్టులో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలుపుతారు. పెట్టెకు అది ఫరవాలేదు. బొమ్మల పేజీలకు మాత్రం ఆ పేస్టు తగలనివ్వొద్దని గట్టిగా చెప్పండి.

ఒకటి మాత్రం ఒప్పుకోకండి: అంచులు సమంగా ఉంటాయని పుస్తకాన్ని కత్తిరించే మెషిన్‌లో పెట్టడం. బొమ్మ పక్క మార్జిన్ పోతే తిరిగి రాదు. పుస్తకం వాళ్ల దగ్గర వదలకుండా, కొలత కాగితం ఒక్కటే ఇచ్చి రావడం ఇంకా క్షేమం.

అక్టోబర్‌కు ముందు

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ తుఫాను 2018 అక్టోబర్ 11న పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. కాబట్టి సెప్టెంబర్ చివర్లోనే జిప్ కవర్లు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా కొని ఉంచండి. హెచ్చరిక రాగానే మంచి పుస్తకాలు కవర్లలో, కవర్లు డబ్బాలో పెట్టండి. డబ్బాను కిటికీ లేని లోపలి గదిలో, నేలకు నడుమెత్తు పైన ఉంచండి. అటక మీద పెట్టొద్దు, రేకులు ఎగిరితే మొదట తడిసేది అదే. అన్నీ పట్టకపోతే, మళ్లీ దొరకనివి ముందు. కొత్తగా కొన్న గిల్టు డ్రాక్యులా మళ్లీ కొనుక్కోవచ్చు, పాత చందమామ బైండు కొనలేం.

అయినా తడిస్తే రెండు రోజుల్లోపే పని మొదలవ్వాలి, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. ఆర్ట్ పేపర్ పుస్తకాన్ని ముందు పట్టుకోండి. తడిగా ఉండగానే పేజీలు విడదీసి మధ్యలో బటర్ పేపర్ పెట్టాలి. ఆరాక అతుక్కున్న పేజీని ఎవరూ విడదీయలేరు. మామూలు కాగితమైతే కొన్ని పేజీలకొకసారి తెల్ల కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మారుస్తూ ఉండండి. వార్తాపత్రిక వద్దు, సిరా అంటుతుంది. కరెంటు ఉంటే ఫ్యాను చాలు, హెయిర్ డ్రయ్యర్ వేడికి కాగితం వంకర్లు తిరుగుతుంది. పుస్తకాలు చాలా తడిసి చేతులు సరిపోకపోతే, మీకు గానీ పక్క ఊళ్లో బంధువులకు గానీ కరెంటుండి ఫ్రీజర్ నడుస్తుంటే కొన్నిటిని కవర్లో చుట్టి అందులో పెట్టండి. గడ్డకట్టి ఉన్నంతకాలం బూజు పెరగదు, తీరిక దొరికాక ఒక్కొక్కటీ తీసి ఆరబెట్టుకోవచ్చు. చివర్లో, కొంచెం తేమ ఉండగానే రెండు చెక్కల మధ్య పెట్టి పైన బరువుంచితే పేజీలు చాలావరకు చదునవుతాయి. పూర్తిగా ఆరిందని నమ్మకం కుదిరాకే బైండరు దగ్గరికి తీసుకెళ్లండి.